ఎండ ముందు ఎవరి ఊరికి?

అక్కా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి ఇప్పపూల కాలం ఇది. "సూర్యుడు ముందు మా మరైగూడకే వస్తడే, అందుకే నా పూలు ముందెండుతయ్" అని ఏటా ఏడిపించేదానివి. మా పామేడుకే ముందొస్తాడని నేనూ మొండికేసేదాన్ని.

నిన్న నా కూతురు ఫోనులో అంతరిక్షం నుంచి తీసిన భూమి వీడియో చూపించింది. సగం పగలు, సగం చీకటి. వెలుగు తూర్పు నుంచి పడమటికి జరుగుతోంది. అది మన అడవి దగ్గరికి రాగానే పిల్ల వేలు పెట్టి, "ఏందమ్మా, పెద్దమ్మ ఊరు, మన ఊరు రెండూ నా వేలి కిందనే ఉన్నయ్!" అని పకపకా నవ్వింది.

మీ ఊరు మాకు తూర్పు. నువ్వే గెలిచావు, ఒప్పుకుంటున్నాను.

మరీ మురిసిపోకు. నువ్వు చాప పరిచేలోపే ఎండ మా వాకిట్లోకీ వచ్చేది. ఈ ఏడు బావ పంపిన నీ చెట్టు పూలు కూడా ఇక్కడే ఎండుతున్నాయి.