తెల్లపూల పొట్లం

కడప, 1939 జూన్, సోమవారం రాత్రి

పొద్దున మందారానికి చీమలు పట్టి ఉన్నాయి. అవ్వ వాటిని ఊది, పువ్వును ఒక ఆకులో చుట్టింది. ఇంకో ఆకులో నందివర్ధనం చుట్టింది. ఎర్రది వస్తే నేను మద్రాసు కాలేజీకి తిరిగి వెళ్లి బి.ఏ.లో చేరవచ్చు. తెల్లది వస్తే ఇంట్లోనే ఉండాలి. రెండు పొట్లాలూ దేవుడి ముందు పెట్టి, "నువ్వే తియ్యమ్మీ" అంది.

తెల్లది వచ్చింది. ఏడుపు రాలేదు. ఏదో బరువు దిగినట్టే అనిపించింది.

సాయంత్రం పక్కింటి మెహరున్నీసా వచ్చి, సంగతి విని నవ్వింది. కాన్వెంటు నుంచీ నాతో చదివిన మనిషి. "మార్కులు తగ్గితే పేపరు శానా కష్టమంటావు, ప్యాసైతే దేవుని దయంటావు. ఇప్పుడు పువ్వు మీద ఏసినావు. నడుమ నువ్వు యాడుండావమ్మీ?"

ఆమె వెళ్లాక హాస్టలు కిటికీ గుర్తొచ్చింది. అందులోంచి వచ్చే సముద్రపు గాలి, దీపం కింద తెరిచి ఉంచిన పుస్తకం... అవి నాకు ఎంత కావాలో ఇప్పుడు తెలుస్తోంది.

అవ్వ పూలు కోయక ముందే నాయన నన్ను వసారాలోకి పిలిచి, "నీకు పోవాలని ఉండాదా?" అని అడిగాడు. "మీ ఇష్టం నాయనా" అన్నాను.