సోమవారం వాక్యం

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు క్షేమమని తలుస్తున్నాను. తలుచుకోవడం తప్ప తెలుసుకునే దారి నువ్వు ఉంచలేదు. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ, గువ్వా.

నీ కూతురు రెండో తరగతిలో కుదురుకుంది. వాళ్ళ టీచరమ్మ ఒక కొత్త పద్ధతి పెట్టింది. ప్రతి సోమవారం పిల్లలు ఒక్కొక్కరే లేచి ఇంటి కబురు చెప్పాలి. ఒక్కటే వాక్యం. అది నిజమై ఉండాలి, ఆ వారానిదై ఉండాలి. ఆమె దాన్ని బోర్డు మీద రాస్తుంది, తరగతంతా పైకి చదువుతుంది. అలా చదవడం వస్తుందని ఆమె ఉద్దేశం. మంచి పద్ధతే. "మా తాతయ్య కట్టుడుపళ్ళు ఇంట్లో మర్చిపోయి పెళ్ళికి వెళ్ళాడు" అని ఒకడంటే, "మా పిన్ని బాబాయితో మాట్లాడటం మానేసింది" అని ఇంకొకతి. ఇళ్ళలో గుట్టన్నది లేకుండా పోయిందని తల్లులు నవ్వుకుంటున్నారు.

మన గువ్వ చెప్పేది ఇది: "మా అమ్మ నుంచి కబురు లేదు."

మొదటి సోమవారం టీచరమ్మ రాసింది, పిల్లలు చదివారు. తర్వాతి సోమవారమూ అదే. ఇప్పుడు ఆమె సుద్దముక్క అందుకునేలోపే పిల్లలు అప్పజెప్పేస్తున్నారు. మొన్న నేను కాస్త ముందుగా వెళ్ళి వరండాలో నిలబడ్డాను కాబట్టి నా చెవులతో విన్నాను. ఎక్కాలు చదివే రాగంలో, నలభైమంది పిల్లలు, ఒక్క గొంతుతో.

"ఇలాంటివి ఎందుకు చెప్పనిస్తున్నారమ్మా?" అని టీచరమ్మని అడిగాను.

"వద్దన్నానండీ. మీ పిల్లి గురించి చెప్పవే అన్నాను. 'పిల్లిది పోయిన వారం టీచర్, ఈ వారానిది ఇదే' అంది. మీ పెంపకం కదా, అబద్ధం ఆడదు."

అది మెప్పో దెప్పో నాకు తెలియలేదు.

పాలు పొంగితే ఎన్ని చుక్కలు పోయాయో కూడా లెక్క చెబుతారు అత్తయ్య అని నువ్వు నవ్వేదానివి. నా లెక్క ఇది. మా వాడు పోయాక నీ బతుకు అక్కడే ఆగిపోకూడదని ఈ సంబంధం చూసింది నేనే. పెళ్ళిమాటల నాడు మీ ఆయన మన ముందుగదిలో కూర్చుని, "బడి తెరిచేలోపు పాపని తీసుకెళ్తామండీ" అన్నాడు. బడి తెరిచారు, అర్ధ సంవత్సరం పరీక్షలూ అయిపోయాయి. నువ్వు సంతోషంగా ఉన్నందుకు నాకు కోపం లేదు. కానీ కార్డు ముక్క రాయడానికి కూడా తీరికలేని సంతోషం నేనెక్కడా చూడలేదు. ఒక్క వాక్యం రాయి. దానికి అందేలా రాయి.

నీ అత్తయ్య

*

అమ్మాయీ,

నీ జవాబు రాలేదు. అందుకని నేనొక పని చేశాను. నీకు చెప్పకుండా ఉండటం న్యాయం కాదు.

నీ పేరుతో గువ్వకి ఉత్తరం రాశాను. నీ అక్షరాలు బస్సు అందుకోబోతున్నట్టు ముందుకు పడిపోతూ ఉంటాయి కదా, వాటిని పాత క్యాలెండరు కాగితాల వెనక దిద్దుకున్నాను. గువ్వ బడికెళ్ళాక తలుపు గడియ పెట్టుకుని మరీ దిద్దాను. కవరు పోస్టుమాన్ చేతిలో పెట్టి, సాయంత్రం గేటు దగ్గర దాని చేతికే ఇవ్వమని బతిమాలాను. ఆయన నన్నొకసారి చూసి, ఏమీ అడగకుండా సంచిలో వేసుకున్నాడు.

గువ్వ నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివింది. అన్నం తింటూ కూనిరాగం తీసింది. అది చూసి నేను పొంగిపోయాను. సోమవారం పనిగట్టుకుని వెళ్ళి మళ్ళీ ఆ వరండాలో నిలబడ్డాను, ఈసారి మంచి మాట వినబోతున్నానని.

"మా నాయనమ్మ మా అమ్మలాగా ఉత్తరం రాసింది."

పొడుగు వాక్యమైతే టీచరమ్మ రెండుసార్లు చదివిస్తుంది. రెండుసార్లూ విన్నాను. పక్కనే గంట కొట్టే ఆయా నిలబడి ఉంది. "ఏంటి పెద్దమ్మగారూ, మీరూ కాపీ కొట్టారా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దారిలో అడిగాను. "ఎలా తెలిసిందే?"

"గోళ్ళు తీసుకోమని రాశావుగా. నాయనమ్మ మాట వినమని కూడా రాశావు. అమ్మ అలాంటివి రాయదు. అమ్మయితే ముద్దులు అని రాస్తుంది."

"మరి ఇంట్లోనే నాతో అనలేకపోయావా?"

"నువ్వు సంతోషంగా ఉన్నావని ఊరుకున్నా."

నీ అక్షరాలన్నీ పట్టుకున్నాను కానీ, ముద్దు అనే ఒక్క మాట రాయాలని నాకు తట్టలేదు అమ్మాయీ. దాని తల్లిలా అరపేజీ కూడా ఉండలేకపోయాను. నువ్వే రాయి.

నీ అత్తయ్య

*

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. మూడో నెల అని రాశావు. ఒళ్ళు జాగ్రత్త, బరువులు ఎత్తకు. ఇది మనస్ఫూర్తిగానే రాస్తున్నాను.

మీ అత్తగారు ఒప్పుకోవడం లేదనీ, ఆయన తల్లి మాట దాటలేడనీ రాశావు. "పాపని మీ దగ్గరే ఉంచుకోండి అత్తయ్యా, నాకోసం ఎదురుచూడొద్దని చెప్పండి" అన్నావు. గువ్వకి వేరే అరకాగితం పెట్టావు. "బుద్ధిగా చదువుకో. నాయనమ్మ మాట విను. అమ్మ రావడానికి కుదరదు." అంతే. దాంట్లో ముద్దులు లేవు. ఎందుకు లేవో నాకు తెలుసు. ఆ మాట రాస్తే నీ చెయ్యి మిగతావి రాసేది కాదు.

నేను దాచలేదు. దాని చేతికే ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, "ఈసారి బాగా కుదిరింది నాయనమ్మా" అంది.

"ఇది నేను రాసింది కాదే. మీ అమ్మే రాసింది."

"నాయనమ్మ మాట విను అని ఉందిగా."

కవరు మీద మీ ఊరి పోస్టు ముద్ర చూపించాను. "పోస్టుమాన్ తాత నువ్వేం చెబితే అది చేస్తాడుగా" అంది. "మీ నాన్న మీద ఒట్టే" అన్నాను. జీవితంలో ఎప్పుడూ ఒట్టు పెట్టని మనిషిని. అప్పుడది నా పక్కన కూర్చుని నా చెయ్యి నిమిరింది. "నేను వెళ్ళిపోతే నీకు తోడెవరూ ఉండరని రాశావు కదూ. ఫరవాలేదులే. అమ్మ తీసుకెళ్ళినా సెలవులకి వస్తాలే" అంది. కోప్పడినా బాగుండేది.

మర్నాడు ఉత్తరం తీసుకెళ్ళి టీచరమ్మకి చూపించాను. చదివి కళ్ళజోడు తీసేసింది. "సోమవారం మళ్ళీ కబురు లేదనే చెబుతుంది. ఇప్పుడది నిజం కాదు కదండీ, ఎలా రాయను?" అంది.

"దానికి నిజమే. రాయండి" అన్నాను.

రాసింది. పిల్లలు చదివారు.

ఇక ఈ ఇంట్లో కాగితానికి విలువ పోయింది. నేను రాసినా, నువ్వు రాసినా దానికి నా రాతే. నేనేం చెప్పినా నా స్వార్థమే. దాన్ని తీసుకెళ్ళమని నిన్ను అడగటం లేదు. నీ ఇబ్బంది తెలుసు, నీ కాపురంలో నిప్పులు పొయ్యను. ప్రయాణం చేయగలిగే రోజులుండగానే ఒక్కసారి రా. మీ అత్తగారికి నాకు బాగాలేదని చెప్పు, అందులో అబద్ధం లేదు. పొద్దున బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపో. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తీసుకెళ్ళనని నీ నోటితో చెప్పు. నువ్వు చెబితేనే అది నమ్ముతుంది.

ఆ తర్వాత ఏడుపు సంగతి నేను చూసుకుంటాను.

నీ అత్తయ్య