ఉప్పు చూసిన సాంబయ్య మాస్టర్

సూరత్, డిండోలిలో నివాసముండే మరమగ్గాల మాస్టర్ సాంబయ్య అను నేను, ఎవరి ఒత్తిడీ లేకుండ, తెలివిలో ఉండి రాసుకున్న వీలునామా ఇది. కరోనా తగ్గినంక నా మతి సక్కగనే ఉన్నదని డాక్టరు చెప్పిండు. నా భార్య బాలవ్వ మాత్రం, ముందు సుత అంతంతే ఉండె అన్నది.

1. డిండోలిలోని రెండర్రల ఇల్లు సర్వహక్కులతో బాలవ్వకు చెందవలెను. ఇందులో ఎవరికీ తకరారు ఉండరాదు.

2. కుల సంఘం నాకు కప్పిన శాలువలు తమ్ముడు కనకయ్యకు. ఉత్సవం కరపత్రంల వాని పేరు నా పేరుకు పైన అచ్చయిందని ఏండ్లకేండ్లు వానితో మాట్లాడలేదు. నా అంతటోడు లేడని నాకు తెలుసు. కాని ఆ మాట నలుగురు అంటెనే నాకు నిద్ర పట్టేది. వాడు నాకంటె ఘోరం, కప్పుకోనియ్యి.

3. నా చేతుల కుర్చీ ఎవరు ముందు కూసుంటే వాళ్లది. లాక్‌డౌన్‌ల కార్ఖానాలు బందైనప్పుడు, మాస్టర్ అన్నం లైన్ల నిలబడితే ఇజ్జత్ ఏంగావాలె అని ఇదే కుర్చీల ఉపాసం కూసున్న. బాలవ్వ గల్లీవాళ్లు అందరికోసం పెట్టిన వంటకు పోయి రొట్టెలు చేసేది. ఒకరోజు గిన్నె తెచ్చి నా ముందర పెట్టి, "ఆడ ఉప్పు చూసేటోళ్లు లేరు. నువ్వు జర చూసి చెప్పు" అన్నది. పెద్దమనిషిని గదా, గిన్నె ఖాళీ అయ్యేదాక చూసిన. రోజూ చూసిన. జర తక్కువైందని కబురు సుత పంపిన. ఆఖరికి స్వయంగ చెప్దామని పోతే, ఆ పని నాకెవరూ అప్పజెప్పలేదని, ఆ గిన్నె బాలవ్వ వంతుదని తెలిసింది. తల ఎత్తకుండ ఉల్లిగడ్డలు కోయ కూసున్న. మాస్టర్ అని ఒక్కరు పిలువలేదు. ఆ సాయంత్రం అందరితో కూసోని తిన్న అన్నం లెక్క మళ్లెన్నడూ తినలేదు.

4. నిలువుటద్దం, ఈ వీలునామా అమలు చేసే బాధ్యత బిడ్డ పద్మారాణికి. ముందు నిన్ను నువ్వు ఇష్టపడు బాపూ, సంతోషం అదే వస్తదని చెప్పేది. సూరత్‌ల పుట్టి పెరిగింది, దానికి అట్లనే కుదిరింది, మంచిదే. నేనైతే నన్ను మొదటి నుంచి శానా ఇష్టపడుతనే ఉన్న, సంతోషమే రాలె. బాలవ్వను అడిగితే, తనంటే తనకు ఇష్టమో కాదో ఎన్నడూ ఆలోచన రాలేదట. "మనోళ్లు మంచిగుంటే నాకు మంచిగనే ఉంటది" అన్నది.

5. నా అంతిమయాత్రకు గల్లీలన్నీ కదలాలని, ఎవరెవరు ఏడువాల్నో సుత అనుకొని పెట్టుకున్న. ఇప్పుడు కరోనాతోటి కొద్దిమందికే పర్మిషన్. ఆ వచ్చేటోళ్లు మెల్లగ నడువున్రి. బాలవ్వకు మోకాళ్ల నొప్పులు.

చదువుకొని, సమ్మతించి చేసిన సంతకం.

సూరత్, 9 ఆగస్టు 2021
(సం.) సాంబయ్య

సాక్షులు:
1. బ్రహ్మచారి, పక్కింటి వడ్రంగి
2. ఉషాదేవి, నర్సు