పాల ఖర్చు: సున్నా

నేరేడుపుట్టు,
జి.మాడుగుల మండలం.
ఫిబ్రవరి 3

‘ఊరూ బతుకూ’ మాసపత్రిక వారికి, ముప్పైనాలుగేళ్లు పాఠాలు చెప్పి రిటైరైన వంతాల గాసి నమస్కారం.

మా ఊళ్లో ఫోను మాట్లాడాలంటే గుట్టెక్కాలి. నా మోకాళ్లు ఒప్పుకోవు కనుక ఉత్తరం రాస్తున్నాను.

ఖర్చు తక్కువ, సుఖం ఎక్కువ అంటూ మీరు వేసిన ఊళ్ల జాబితాలో హైదరాబాదు నలభయ్యోది, విశాఖపట్నం ఇరవై రెండోది, మా నేరేడుపుట్టు మొదటిది. ఇక్కడున్నవి ఇరవై ఆరు గడపలు, ఒక ఊట. మేం తాగేది ఆ ఊట నీళ్లే. పత్రిక వచ్చిన ఆదివారం నుంచీ జనం వచ్చి అక్కడ కార్లు కడుగుతున్నారు. నిన్న బిందె ముంచితే షాంపూ నురగ తేలింది.

మా ఊరి పేరు తీసెయ్యండి.

ఇట్లు,
నురగ ఊదుకుని నీళ్లు తాగుతున్న
గాసి

తా.క.: వచ్చిన ప్రతివాడి చేతిలోనూ పాలక్యాను ఉంటోంది. ఎందుకో తెలిస్తే రాయండి.


హైదరాబాదు,
ఫిబ్రవరి 17

గౌరవనీయులైన గాసి మాస్టారికి,

మొదటి స్థానానికి అభినందనలు! మా ప్రతినిధి ఇచ్చిన ఫారం మీరే స్వయంగా నింపారు. అద్దె సున్నా, నీళ్లు సున్నా, పాలు సున్నా. ఇన్ని ఉచితంగా దొరికే ఊరు దేశంలో మరొకటి లేదని మా కంప్యూటరు తేల్చింది. పాలు ఉచితమన్న సంగతి అట్టమీదే వేశాం.

ఒకసారి ఎక్కిన ఊరిని తీసెయ్యడం కుదరదు. అంతకన్నా మంచి ఊరు దొరికితే మాత్రం మీది రెండోస్థానానికి దిగుతుంది. రెండో ఊరి గురించి ఎవరూ చదవరు. మీ ఎరుకలో ఏదైనా ఉంటే జతచేసిన ఫారం నింపి పంపండి.

మీ సుఖం కోరే,
అనురాధ,
జాబితాల విభాగం

తా.క.: మా ఆఫీసువాళ్లం పద్దెనిమిది మందిమి పిక్నిక్కి వద్దామనుకుంటున్నాం. క్యాన్లు మేమే తెచ్చుకుంటాం.


నేరేడుపుట్టు,
మార్చి 1

అమ్మా అనురాధా,

పాల ఖర్చు సున్నా అంటే పాలు ఊరికే దొరుకుతాయని కాదు. మేం ఆవు పాలు పితకం. అవి దూడవి. మా పొరుగింటి అప్పలనర్సమ్మ దగ్గరికి ఒకాయన క్యాను పట్టుకుని వెళ్లి, “ఫ్రీ అని వేశారు కదా మామ్మా” అన్నాడట. ఆవిడ నా దగ్గరికొచ్చి, “ఏటి మాస్టారూ, అంత మీసమున్నోడు దూడ పాలు అడుగుతన్నాడు! ఆడికి పళ్లు రానేదా?” అంది. ఆయన తనే పితకబోయాడు. ఆవు సమాధానం చెప్పింది. కట్టు కట్టి పంపించాం.

మీరు అడిగిన మంచి ఊరు ఉంది. విశాఖపట్నంలో సాగరశాంతి కాలనీ. అక్కడ శ్రీనివాసరావు గారుంటారు. ఒకప్పుడు మా హెడ్మాస్టరు. ఈ కొండపిల్లల చేతులు మురికివని స్కూలు పుస్తకాల బీరువాకి తాళం వేశాడు. నేను తాళం పగలగొట్టి పిల్లలకి పుస్తకాలిచ్చాను. అందుకు నన్ను దూరాన డొంకరాయికి బదిలీ చేయించాడు. పదకొండేళ్లున్నాను.

కక్షతో రాస్తున్నాననుకోవద్దు. ఫారంలో ప్రతి అక్షరం ఆయన రిటైరైన టీచర్ల సభలో చెప్పిందే. సముద్రపు గాలి: ఖర్చు సున్నా. ప్రశాంతత: సున్నా. “ఎవరొచ్చినా మా ఇంట్లో ఫిల్టరు కాఫీ ఇవ్వకుండా పంపను” అన్నాడు కనుక, కాఫీ: సున్నా. ఇంటి నంబరు కూడా రాశాను.

ఇట్లు,
నిజం తప్ప మరొకటి రాయని
గాసి

తా.క.: పిక్నిక్కి అక్కడికే వెళ్లండి.


హైదరాబాదు,
ఏప్రిల్ 10

మాస్టారూ,

మీ మేలు మరవలేం. సాగరశాంతి మొదటి స్థానానికి వచ్చింది. ‘కాఫీ ఉచితం’ అన్న అట్టతో సంచిక మూడుసార్లు అచ్చువేశాం. మేమూ వెళ్లొచ్చాం. గేటు దాకా వరస ఉంది. మా వంతు వచ్చేసరికి డికాక్షన్ అయిపోయింది.

కృతజ్ఞతలతో,
అనురాధ

తా.క.: ఆ కాలనీ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశారు. నిద్ర లేదట. ఎక్కడికైనా పోయి తలదాచుకోవాలన్నారు. జాలేసి, ఇప్పుడు ఎవరూ వెళ్లని రెండో స్థానం ఊరు చెప్పాను.


నేరేడుపుట్టు,
జూన్ 2

అమ్మా అనురాధా,

ఊట తేరుకుంది. అడుగున గులకరాళ్లు కనబడుతున్నాయి.

నువ్వు జాలిపడి పంపిన పెద్దాయన అప్పలనర్సమ్మ ఖాళీ గదిలో దిగాడు. మా ఇద్దరికీ మధ్య ఒక్క గోడే. నన్ను చూసి, “గాసీ, నువ్వా!” అన్నాడు. “నేనే సార్” అన్నాను.

నాలుగురోజులు అరుగుమీద కూచుని కొండవంక చూశాడు. టీవీ లేదు, సిగ్నలు లేదు. ఐదోరోజు పొద్దున్న నా గుమ్మంలోకి వచ్చి, లోపల గోడవారనున్న పుస్తకాలు చూస్తూ నిలబడ్డాడు.

“చదువుకోడానికి ఒకటి ఇస్తావా?” అన్నాడు.

ముప్పయ్యేళ్లుగా ఎన్నో జవాబులు కూడబెట్టుకున్నాను.

చేతులు కడుక్కురమ్మని ఊటకి పంపాను. మోచేతులదాకా కడుక్కొచ్చి, తడి చేతులు చాపి చూపించాడు.

ఇచ్చాను.

ఇట్లు,
రెండో స్థానంలో కుదురుగా ఉన్న
గాసి

తా.క.: టీలోకి పాలు అడిగాడు. దూడని అడగమన్నాను.