ముందుకు వాలిన పటాలు

జనవరి 17, 2023, మంగళవారం

ఈ రోజు కూడా ఆయన క్లాసులో నేనే కూర్చున్నాను. పేరు నోటితో పలకను గానీ కాగితం మీద రాస్తే తప్పేముంది. చక్రధర్. మంగళవారం పొద్దున ఆయనకు వేర్‌హౌస్‌లో షిఫ్టు. అదే టైముకి ఆన్‌లైన్ క్లాసు. కెమెరా ఆఫ్, మైక్ ఆఫ్, హెలెన్ మేడం పేరు పిలిస్తే చాట్‌లో ప్రెజెంట్ అని కొట్టు, ఇంకేం ముట్టకు అని చెప్పి పోయాడు. చదివింది బీకాం. సీటు ఖాళీ ఉందని ఏజెంటు తీసుకెళ్లి మ్యూజియం స్టడీస్‌లో పడేశాడు. ముందుగాల నన్నే మ్యూజియంల పెట్టాలె అని ఆయనే నవ్వుతాడు.

నా చదువు ఏడో తరగతి దాకానే. వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు.

జనవరి 20

ఈ చలిదేశంలో, మా కిచెనర్ ఊళ్లో మంచు ఆగలేదు. మేం అద్దెకుండే బేస్‌మెంట్ నాలుగు గోడలూ ఖాళీగా, తెల్లగా ఉన్నాయి. పైన ఉండే ఓనర్ బాలత్రిపురసుందరి ఆంటీది వైజాగ్. దిగిన రోజే చెప్పింది, చూడమ్మా, ఒక్క మేకు దిగిందా, నేను ఊరుకోను, డ్రైవాల్ అది, ఉత్త అట్ట, మీ ఊరి గోడ కాదు అని. కూర్చుంటాను. లేస్తాను. గోడ దాకా వెళ్తాను. మళ్లీ వస్తాను.

జనవరి 24, మంగళవారం, పొద్దున 10.40

క్లాసు నడుస్తుండగానే రాస్తున్నాను. తెర కింద వచ్చే ఇంగ్లీషును ఫోన్‌లో తెలుగు చేసుకుంటే సగం అర్థమవుతోంది. పూర్వం పారిస్‌లో ఎగ్జిబిషన్ పెడితే నేల నుంచి కప్పు దాకా పటాలేనట. పాత బొమ్మ ఒకటి చూపించారు. పై వరస పటాలన్నీ ముందుకు వాలి ఉన్నాయి.

అచ్చం మా ఇల్లు.

జగిత్యాలలో మా నాన్నది పటాలు కట్టే షాపు. బడి మానేశాక నేను అద్దం కోయడానికి కూర్చున్నాను. పటాన్ని కింద రెండు మేకుల మీద నిలబెట్టి, పైన తాడుతో ముందుకు వాల్చాలి. ఆ తాడు పొడవు ఎంతో నా చేతికి తెలుసు. పారిస్ వాళ్లకూ తెలుసని ఈ రోజే తెలిసింది.

జనవరి 31, మంగళవారం

పటాలు ఎందుకు వాల్చేవారు అని మేడం అడిగింది. అద్దం మీద వెలుగు పడకుండా అని ఎవరో చెప్పారు. అదీ నిజమే. అదొక్కటే కాదు. ఇంకేం ముట్టకు అన్నాడు ఆయన. ముట్టాను. మా ఇంట్లో అందరం నేల మీద కూర్చుంటాం, పటంలో వాళ్లు మమ్మల్ని చూడాలంటే వంగాలి కదా అని ఫోన్‌లో ఇంగ్లీషు చేసి పంపాను. మేడం పైకి చదివింది. థాంక్యూ చక్రధర్ అంది.

అన్నం మాడింది. పట్టించుకోలేదు.

ఫిబ్రవరి 2

ఆయనకు చెప్పాను. పిచ్చిగిట్ల లేసిందా నీకు, దొరికితే ఇద్దరం ఫ్లైట్ ఎక్కుడే అని కేకలు. కాసేపటికి అసైన్‌మెంట్ చూశాడు. మీకు తెలిసిన ఒక గోడ గురించి రాయాలట. మొదలుపెట్టినదానివి నువ్వే పూర్తిచెయ్ అని దుప్పటి ముసుగేశాడు.

ఫిబ్రవరి 5

గ్రోసరీ షాపు ప్రకటన కాగితాల వెనక మా ముందు గదిని గీశాను. ఇరవై మూడు పటాలు. బొట్టు పెట్టిన తాత. దుబాయిలో కారుకు ఆనుకుని బాబాయి, ఆ కారు ఎవరిదో ఇప్పటికీ తెలియదు. అట్టడుగున, మూలకు, మా ఏడో తరగతి గ్రూప్ ఫోటో. కింద చాప. చాప లేకపోతే ఆ గోడకు అర్థం లేదు అని రాశాను. ఆయన చదవకుండానే పంపేశాడు.

మార్చి 7, మంగళవారం

ఏప్రిల్‌లో కాలేజీ గ్యాలరీలో స్టూడెంట్ల ఎగ్జిబిషన్. మేడం మా గోడను ఎంచుకుంది. చక్రధర్ వచ్చి స్వయంగా కట్టాలట.

మార్చి 8

ఆయనకు మేకు కొట్టడం రాదు.

మార్చి 19

నాన్న వాట్సాప్‌లో పంపిన ఫోటోలు ప్రింట్ తీశాం. సెకండ్ హ్యాండ్ షాపులో పాత ఫ్రేములు దొరికాయి. వంటింటి బల్ల మీద పటాలు కడుతున్నాను. నిద్రలో కూడా వేళ్లు తాడు ముడేస్తున్నాయి. దొరికిపోతే ఆయన చదువు పోతుంది, వీసా పోతుంది. దొరకకపోతే ఈ గోడ ఆయనదవుతుంది. రెండూ నాకు పడడం లేదు.

ఏప్రిల్ 6, గురువారం

హెల్పర్‌నని చెప్పి వెంట వెళ్లాను. ఆయన మొదటి మేకు వంకర కొట్టాడు, రెండో దెబ్బకు తాత అద్దం పగిలింది. సుత్తి లాక్కున్నాను. నాన్నలాగే మేకులు పెదాల మధ్య పెట్టుకుని వరస మొదలుపెట్టాను. వెనక హెలెన్ మేడం ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలియదు.

చూసేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు అని ఆయన్ని అడిగింది. కుర్చీలు వేస్తాం మేడం అన్నాడు.

మేడం ఆయన్ని చూసింది, తర్వాత నన్ను. మరి ఆ చాప గురించి రాసింది ఎవరు అంది. ఆయన నేల చూశాడు. నా నోట్లో మేకులున్నాయి, చెప్పకపోయినా నడుస్తుంది అనుకున్నాను.

ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకున్నాను. వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మంగళవారాలు కూర్చున్నది నేను. గోడ నాది.

ఏప్రిల్ 8

మేడం మెయిల్ వచ్చింది. ఆయన ఈ సబ్జెక్టు ఫెయిల్. మే నెల నుంచి కాలేజీకి వెళ్లి మళ్లీ చదవాలి, ఇంకోసారి ఇలా జరిగితే పైకి రిపోర్ట్ చేస్తానని రాసింది. గోడ మాత్రం ఉంటుందట. దాని కింద కార్డు మీద రవళి అని నా పేరు.

ఆయన ఇప్పుడే కంచం ముందు కూర్చుని, నీ నోట్లె మేకులుంటేనే మంచిగుండె అన్నాడు. కోపమో నవ్వో తెలియలేదు. పప్పు మళ్లీ అడిగి వేయించుకున్నాడు.

మే 9, మంగళవారం, 10.00

ఆయన కాలేజీకి వెళ్లాడు. లాప్‌టాప్ ఆయనతోనే పోయింది.

బేస్‌మెంట్ తెల్ల గోడకు కింద రెండు మేకులు. పైన ఒకటి. తాడు.

ఎవరమ్మా ఆ గోడ కొట్టేది అని పైనుంచి ఆంటీ అరిచింది.

నేనే ఆంటీ, అన్నాను.