దర్జీగారి టేపు

తమ్ముడూ,

ఈ ఉదయం ప్రార్థన ముగించి, నాన్నకు స్నానం చేయించి, ఉతికిన చొక్కా తొడిగాను. కొలతల టేపు మాత్రం మెడలో వేయలేదు. వృద్ధాశ్రమంలో మెడకు ఏదీ ఉండనివ్వరని రాశావుగా, ముందే అలవాటు చేద్దామనుకున్నాను.

తల దువ్వుతుంటే అద్దంలోకి చూసి, "ఎవరో పెద్దాయన వచ్చారు, కూర్చోమనండి. దర్జీ ఇప్పుడే వచ్చేస్తాడు," అన్నారు.

"అది మీరే నాన్నా," అన్నాను.

"భలేదానివే! మెడలో టేపు లేకుండా దర్జీ ఎక్కడైనా ఉంటాడా?" అని నవ్వారు.

ఆ తర్వాత దర్జీ కోసం గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. చూడలేక టేపు తెచ్చి మెడలో వేశాను. వంగిన నడుం నిటారైంది. నన్ను నిలబెట్టి భుజాలు కొలిచారు.

"అచ్చం మా పెద్దమ్మాయి కొలతే. దానికి కుట్టినట్టే కుట్టిపెడతాను తల్లీ, దిగులుపడకు," అన్నారు.

ఆ పెద్దమ్మాయిని నేనే. చేతి కొలతకు చెయ్యి చాపాను.

సాయంత్రం చెల్లెలూ మరిదీ వచ్చారు. అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. నాన్నను ఎక్కడికీ పంపడం లేదు. టేపు ఆయన మెడలోనే ఉంటుంది. ఇకనుంచి నాన్నా అని పిలిచి ఆయన్ని కంగారు పెట్టకూడదనీ, ఇంట్లో అందరం దర్జీగారూ అనే పిలవాలనీ అనుకున్నాం. ఆ మాట దేవుడే నా నోటికి అలవాటు చేయాలి.

నువ్వు వచ్చేటప్పుడు ఒక చొక్కా గుడ్డ తెచ్చుకో.

పెద్దక్క