ఎక్కేవాళ్లకు చెప్పాలి

అమ్మా,

ఫోన్ చేస్తే నా గొంతు విని వెంటనే రైలెక్కేస్తావని ఉత్తరం రాస్తున్నాను. ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. కట్టు కట్టారు, కంగారు పడకు.

వానలో మా కంపెనీ చేసిన, డ్రైవర్ లేకుండా నడిచే కారును పరీక్షిస్తూ వెనక సీట్లో కూర్చున్నాను. ఆగి ఉన్న రెండు లారీల మధ్య నుంచి ఒక తాత గొడుగు అడ్డం పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశాడు. బ్రేకు వేసినా ఆగేంత దూరం లేదు. తాతనైనా గుద్దాలి, నా వైపున్న సిమెంటు గోడనైనా గుద్దాలి. కారు గోడనే ఎంచుకుంది.

తాత వచ్చి లోపలికి తొంగి చూశాడు. "అమ్మాయ్, నడిపేవాడేడి?" అన్నాడు.

"లేడు తాతా."

"మరి నన్ను తప్పించిందెవరే?"

నేనే అనాలనిపించింది. గోడ వైపు తిరగమని దానికి నేర్పింది నేనే కదా! అంత నొప్పిలోనూ గుండె ఉప్పొంగింది.

మర్నాడు మా డైరెక్టర్ హౌ గారు పిలిచి, "కిరాయి ఇచ్చేవాడు లోపల ఉంటాడు. ముందు వాడి ప్రాణం చూడాలి. అది మార్చెయ్" అన్నారు.

"లోపల కూర్చున్నది నేనే సార్. విరిగింది నా ఎముకే. మార్చను" అన్నాను. బలవంతం చేస్తే తలెత్తుకుని ఉద్యోగం వదిలి వచ్చేస్తాను. నేను చేసింది సరైనదే కదూ?

నీ షూయే

*

షూయే తల్లీ,

ఆపరేషన్ కత్తి పట్టి ముప్పై ఏళ్లు బతికిన అమ్మకు ఎముక విరిగిన సంగతి ఉత్తరంలో చెబుతావా? ఎక్స్‌రే పంపు, ముందు అది చూడాలి.

హౌకు నువ్విచ్చిన జవాబు మన వీధిలో అందరికీ చదివి వినిపించాను. ఎదురింటి లుయో పిన్ని "కూతురంటే ఇదీ!" అంది. నేను కాదనలేదు.

కానీ ఒక్కచోట నాకు ముల్లు గుచ్చుకుంది. ఆ కారు ఏం చేస్తుందో నీకు తెలుసు. తెలిసే కూర్చున్నావు. రేపు చంటిబిడ్డతో ఎక్కే బాలింతకు ఎవరు చెబుతారు? ఎటు తిప్పాలని మీ ఇద్దరూ గదిలో కూర్చుని వాదించుకుంటున్నారు. పోయేది ఆమె ప్రాణం. ఆమెను హౌ అడగలేదు, నువ్వూ అడగలేదు.

ఒకసారి ఒక పడవవాడికి కాలు తీసేయకపోతే బతకవని చెప్పాను. "పోతే రెండు కాళ్లతోనే పోతాను డాక్టరమ్మా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా అతని మాటే చెల్లనిచ్చాను. చెప్పకుండా ఒక్కరి ఒంటి మీద కూడా కత్తి పెట్టలేదు నేను.

ఉద్యోగం వదలకు. వదిలేస్తే ఈ మాట అక్కడ అనేదెవరు?

అమ్మ

*

అమ్మా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద అలిగాను. తరువాత అదే మాట ఆఫీసులో అందరి ముందూ పెట్టాను. "ఎక్కేవాళ్లకు చావు కబురు చెప్పి బేరం చేస్తామా?" అని హౌ గారు బల్ల చరిచారు. "చెప్పకుండా బేరం చేస్తే దాన్నేమంటారు సార్?" అన్నాను. చివరికి ఆయన, ఒక్క పేటలో నెల రోజులు చూద్దామన్నారు.

ఈ రోజు మొదలైంది. తలుపు వేయగానే కారు చెబుతుంది: "రోడ్డు మీద నడిచేవారి ప్రాణమూ మీ ప్రాణమూ నాకు సమానం. వారిని తప్పించబోయి మీకు దెబ్బ తగలవచ్చు. సమ్మతమైతేనే బయలుదేరుతాను."

మొదటి మనిషి తిట్టుకుంటూ దిగిపోయాడు. రెండో ఆమె కూడా. నాతో వచ్చిన హౌ గారు నా వైపు చూశారు. నేను తల దించలేదు.

తరువాత తామరదుంపల బుట్టతో ఒక ముసలమ్మ ఎక్కింది. అంతా విని, మళ్లీ చెప్పమంది. కారు మళ్లీ చెప్పింది. "నా మనవలు బడికి నడిచే వెళ్తారు ఈ రోడ్డున. వాళ్లకీ ఇదే లెక్కా?" అని అడిగింది.

పక్కనే నిలబడి ఉన్నాను. "అవునమ్మా, వాళ్లకీ ఇదే" అన్నాను.

ముసలమ్మ బుట్టను ఒళ్లో గట్టిగా పట్టుకుని, బెల్టు పెట్టుకుంది. "అయితే పద" అంది.

నీ కూతురు,
షూయే